అద్దె సైకిలు నేర్పిన చదువు

ఈనాడు యాభై ఏళ్ళు పైబడిన ఏ పెద్దమనిషినైనా "మీరు సైకిలు ఎలా నేర్చుకున్నారు?" అని అడిగి చూడండి. అంతవరకు ముక్తసరిగా మాట్లాడిన మనిషి ముఖం విప్పారుతుంది. మోకాలి మీద పాతికపైసల బిళ్ళంత మచ్చ చూపిస్తారు. వెనుక పట్టుకుని పరుగెత్తిన అన్న పేరు చెబుతారు. పడిన గుంట ఏ వీధిలో ఉండేదో, ఇప్పుడు అక్కడ ఎవరి ఇల్లు ఉందో కూడా చెబుతారు. ఆ తరంవారు తమ మొదటి జీతం ఎంతో మరచిపోయి ఉండవచ్చు గాని, సైకిలు మీద ఎవరి సాయమూ లేకుండా పది గజాలు పోయిన రోజును మరచిపోరు.

ఆ జ్ఞాపకాలు పాత కబుర్లుగా చెప్పుకోవడానికి బాగుంటాయి. అయితే వాటిలో నమ్మకం ఉంది, కష్టార్జితం ఉంది, తోటివాడి సాయం ఉంది. సరిదిద్దుకోవలసిన ఒక అన్యాయం కూడా ఉంది. మన ఇళ్ళలో పిల్లలు ఎదుగుతున్న ఈ కాలంలో వాటిని ఒకసారి తిరగేసి చూడడం మంచిదని మా అభిప్రాయం.

గంటకు పావలా

మేము పెరిగింది కర్నూలు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో. 1970లు ముగిసి 1980లు మొదలవుతున్న రోజులవి. మా వీధిలో సొంత సైకిలు ఉన్న ఇళ్ళను వ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. తపాలా బంట్రోతుకు ఉండేది, పాలు పోసే ఆయనకు ఉండేది, బట్టల మూట కట్టుకుని పల్లెలు తిరిగే వ్యాపారికి ఉండేది. పిల్లవాడికి ప్రత్యేకంగా సైకిలు కొనిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. నేర్చుకోదలచిన వాడికి మార్గం ఒక్కటే, అద్దె సైకిలు.

మసీదు సందు మొగలో రేకుల కప్పు కింద ఆ దుకాణం ఉండేది. ముందు నాపరాళ్ళ అరుగు, దాని మీద వరుసగా నిలబెట్టిన పది పన్నెండు సైకిళ్ళు. ప్రతి సైకిలు వెనుక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ఒక నంబరు. లోపల గోడకు ఒక గడియారం, దాని కింద దారంతో వ్రేలాడే పెన్సిలు, అట్టలు ఊడిన ఒక నోటుపుస్తకం. పేరు, తండ్రి పేరు, సైకిలు నంబరు, తీసుకున్న సమయం అందులో వ్రాసేవారు. గంటకు పావలా. కొన్నాళ్ళకు అది అర్ధరూపాయి అయింది.

బయానా లేదు, పూచీకత్తు పత్రం లేదు. దుకాణం నడిపే చాచా అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఎవరి అబ్బాయివి?" తండ్రి పేరు చెబితే చాలు, సైకిలు చేతికి వచ్చేది. ఆ పేరే పూచీ. బ్రేకు కట్ట విరిగినా, చక్రం వంకరపోయినా ఆ ఖర్చు తండ్రి ఖాతాలో పడుతుందని పిల్లలకు తెలుసు. అందుకే అద్దె సైకిలును సొంత వస్తువు కన్నా జాగ్రత్తగా చూసుకునేవాళ్ళం. అమానతు అంటే ఏమిటో మదర్సాలో ఉస్తాద్ గారు పాఠంగా చెప్పకముందే, ఆ నోటుపుస్తకంలో అబ్బా పేరు పక్కన మా పేరు వ్రాసినప్పుడు మాకు అర్థమైంది.

ఎవరి చేతికీ గడియారం లేదు. గంట అయిందో లేదో తెలియడానికి మాకు అజానే ఆధారం. జొహర్ తరువాత తీసుకున్న సైకిలును అస్ర్ అజాన్ వినబడే లోపు చేర్చాలి. ఆలస్యమైతే మరో పావలా. పావలా దొరకడమే గగనం కాబట్టి ఇద్దరు కలిసి చందా వేసుకునేవాళ్ళు. ఒకడు తొక్కుతుంటే రెండవవాడు వెనుక క్యారియర్ పట్టుకుని పరుగెత్తాలి. అరగంట కాగానే స్థానాలు మారాలి. ఈ ఏర్పాటు డబ్బు లేక వచ్చిందే గాని, సైకిలు విద్యకు అంతకు మించిన పద్ధతి లేదు. పట్టుకునేవాడు లేనిదే నేర్చుకునేవాడు లేడు.

ఇక పండుగనాడు చూడాలి ఆ దుకాణం సందడి. ఈద్గాహ్ నుండి తిరిగి వచ్చి, పెద్దలకు సలాం చేసి, చేతిలో ఈదీ పడగానే పిల్లలంతా అక్కడే. కొత్త లాల్చీలతో, అత్తరు వాసనతో వరుసలో నిలబడేవాళ్ళం. చిన్న సైకిళ్ళు రెండో మూడో ఉండేవి. వాటి కోసం ఎదురుచూసి ఎదురుచూసి, చివరకు పెద్ద సైకిలుకే సిద్ధపడేవాళ్ళం. సాయంత్రానికి కొత్త పైజామా అంచున చైను గ్రీజు మరక పడి ఉండేది. ఆ మరకకు అమ్మీ చేతి దెబ్బ కూడా పండుగ ముచ్చటలో ఒక భాగమే.

కైంచీ

పెద్ద సైకిలు అంటే ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, ఇరవై కిలోల చుట్టూ బరువు, సీటు నుండి హ్యాండిల్ దాకా అడ్డంగా ఒక ఇనుప గొట్టం. పదేళ్ళ పిల్లవాడు సీటు మీద కూర్చుంటే కాళ్ళు పెడళ్ళకు అందవు. అందుకని పిల్లలు ఒక ఉపాయం కనిపెట్టారు. అడ్డ గొట్టం కింద త్రికోణంలో నుండి కుడికాలు అవతలికి దూర్చి, ఎడమచేత్తో హ్యాండిల్, కుడిచేత్తో సీటును చంకలో ఇరికించి పట్టుకుని, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కడం. కాళ్ళు రెండూ కత్తెర ఆకారంలో కనబడతాయి కాబట్టి మన ఇళ్ళలో దీనిని కైంచీ అన్నారు. ఇరుగుపొరుగు తెలుగు పిల్లలు అడ్డతొక్కుడు అనేవారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా పడడం మాత్రం అందరికీ ఒకటే.

ఈ విద్యకు ఒక వరుస ఉండేది. మొదట సైకిలును నడిపించుకుంటూ పోవడం. బరువు ఎటు ఒరుగుతుందో చేతులకు తెలియడానికి ఇదే పునాది. తరువాత ఎడమ పెడల్ మీద ఒక కాలు ఉంచి, రెండవ కాలితో నేలను తన్నుతూ జారడం. అది కుదిరిన తరువాత కైంచీ. మొదట పెడల్‌ను సగం తిప్పి వెనక్కి తేవడం, ఆపై పూర్తి చుట్టు. కొన్ని నెలలకు గొట్టం మీదికి, ఏడాదికో రెండేళ్ళకో సీటు మీదికి. సీటెక్కినవాడు మీసాలు వచ్చినవాడితో సమానం.

నేర్చుకునేవాడికి పెద్దలు చెప్పే సలహాలు రెండే: "కిందికి చూడకు, ముందుకు చూడు." "ఎటు పడబోతున్నావో అటే హ్యాండిల్ తిప్పు." రెండవది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఎడమకు పడుతుంటే కుడికి తిప్పాలని మనసు చెబుతుంది. అలా తిప్పినవాడు తప్పక పడతాడు. పడబోయే వైపుకే ముందు చక్రాన్ని తిప్పితే చక్రాలు మన బరువు కిందికి వచ్చి మళ్ళీ మనలను నిలబెడతాయి. సైకిలు నడపడమంటే క్షణక్షణమూ ఇటు కొంచెం, అటు కొంచెం పడబోతూ సర్దుకోవడమే. సైకిలు ఎలా నిలబడుతుందన్న ప్రశ్న మీద శాస్త్రవేత్తలు నూరేళ్ళకు పైగా పరిశోధించారు. మా చాచా మాత్రం దానిని ఒక్క వాక్యంలో చెప్పి, అద్దె పావలా పుచ్చుకునేవారు.

ఒంటికాలితో జారే మెట్టు గురించి ఒక విశేషం చెప్పాలి. సైకిలుకు మూలపురుషుడుగా చెప్పే యంత్రాన్ని 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ తయారు చేశాడు. దానికి పెడళ్ళు లేవు. మనిషి దాని మీద కూర్చుని, నేలను కాళ్ళతో నెట్టుకుంటూ జారిపోవాలి. రెండు చక్రాలు సమానంగా ఉండి, వెనుక చక్రాన్ని చైను తిప్పే నేటి రూపం 1885 నాటికి ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ చేతిలో స్థిరపడింది. 1888లో బెల్‌ఫాస్ట్ పట్టణంలో జాన్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. మానవజాతి సైకిలును ఏ క్రమంలో కనుగొన్నదో, వీధి పిల్లలు అదే క్రమంలో నేర్చుకున్నారు. ముందు జారడం, తరువాత తొక్కడం.

పడినప్పుడు తగిలిన దెబ్బలకు మందు ఇంట్లో ఉండేది. గీరుకున్న చోట పసుపు, అమ్మీ ఊదే దుఆ, ఆ పైన రెండు తిట్లు. మరునాడు మళ్ళీ అదే మైదానం. పడినవాడిని చూసి నవ్వడం ఉండేది గాని, పడ్డాడు కదా అని మానిపించడం ఉండేది కాదు. పిల్లల పెంపకంలో ఈ భేదం చిన్నది కాదు.

ఇంటికి ఆధారం

అద్దె సైకిలు పిల్లల లోకమైతే, సొంత సైకిలు ఇంటి జీవనాధారం. ఆ రోజుల్లో వినిపించే పేర్లు నాలుగైదే. హెర్క్యులెస్ 1949లో స్థాపించిన మద్రాసు కంపెనీది. అట్లాస్ 1951లో హర్యానాలోని సోనిపట్‌లో మొదలయింది. హీరో 1956లో లూధియానాలో మొదలయి, 1986 నాటికి ప్రపంచంలో అత్యధికంగా సైకిళ్ళు తయారుచేసే సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ర్యాలీ సైకిలు అసన్‌సోల్ నుండి వచ్చేది. ర్యాలీ ఉన్న ఇంటికి వీధిలో ఒక మర్యాద ఉండేది.

ఆ సైకిలు మీద ఏమి రాలేదు గనుక! బియ్యం మూట, కిరసనాయిలు డబ్బా, పశువుల మేత, పాల క్యాన్లు, అల్యూమినియం గిన్నెలు, గాజుల పెట్టె. అడ్డ గొట్టానికి కట్టిన చిన్న సీటు మీద చంటిపిల్లవాడు, క్యారియర్ మీద బురఖా సర్దుకుని ఒక పక్కకు కూర్చున్న ఇల్లాలు, ఆమె ఒడిలో మరో బిడ్డ. పెడల్‌ను ఒక్క చుట్టు తిప్పితే బండి అయిదు మీటర్లకు పైగా పోతుంది. నడకకు పట్టే శ్రమతోనే దానికి మూడింతల దూరం సాగుతుంది. పేదవాడి బలాన్ని అన్ని రెట్లు చేసి ఇచ్చిన యంత్రం మరొకటి లేదు.

దానికి బాధ్యతలూ ఉండేవి. ఏటా మునిసిపాలిటీకి పన్ను కట్టి రేకు బిళ్ళ తెచ్చుకుని తగిలించాలి. బిళ్ళ లేని సైకిలును పట్టుకుంటే జరిమానా. చీకటి పడ్డాక దీపం లేకుండా పోతే, ఇద్దరెక్కి డబుల్స్ పోతే పోలీసు ఆపేవాడు. డైనమో ఉన్నవాడు టైరుకు దానిని ఆనించి తొక్కుతుంటే ఎంత వేగంగా పోతే అంత వెలుగు. ఆగితే చీకటి. శుక్రవారం ఉదయం జుమా స్నానానికి ముందు సైకిలుకు స్నానం జరిగేది. పాత బనీను గుడ్డతో పుల్లలు ఒక్కొక్కటే తుడిచి, చైనుకు నూనె చుక్కలు వేయడం ఇంట్లో పెద్ద కొడుకు పని.

ఆ సీటు మీద కూర్చోనివారు

ఇంతవరకు చెప్పినదంతా తీపి. ఇక చేదు కూడా చెప్పాలి.

ఆ కాలంలో పెళ్ళి మాటల్లో ఒక త్రయం వినిపించేది: సైకిలు, చేతి గడియారం, రేడియో. అబ్బాయి తరఫువారు ఈ మూడూ అడిగేవారు. కూతురి పెళ్ళికి సైకిలు ఇవ్వడం కోసం తండ్రులు అప్పు చేశారు, మేకలు అమ్మారు, తమ సొంత సైకిలునే తుడిచి రంగు వేసి అల్లుడికి ఇచ్చి తాము నడకకు మళ్ళారు. నికాహ్‌లో ఇవ్వవలసింది వరుడు, అది మహర్. పుచ్చుకోవలసింది వధువు. ఈ ధర్మం తెలిసిన ఇళ్ళలో కూడా సైకిలు ఎదురు దారిలో నడిచింది. తరువాత సైకిలు స్థానంలో స్కూటరు వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది, కారు వచ్చింది. అడిగే నోరు మాత్రం మారలేదు.

ఇంకొక మాట. ఆడపిల్ల తండ్రి చెమటతో కొన్న ఆ సైకిలు మీద ఆ ఆడపిల్ల ఎన్నడూ సీటెక్కలేదు. ఆమె స్థానం వెనుక క్యారియర్. వీధిలో అన్నదమ్ములు కైంచీ నేర్చుకుంటుంటే అక్కాచెల్లెళ్ళు గుమ్మం పరదా పక్క నుండి చూశారు. పడి వచ్చినవాడికి పసుపు అద్దారు. అంతే. ఏడవ తరగతి దాకా ఊళ్ళోని బడి. హైస్కూలు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని పెద్ద ఊరిలో. మగపిల్లవాడు సైకిలు మీద వెళ్ళాడు, ఆడపిల్ల ఇంట్లో ఉండిపోయింది. మా తరంలో ఎందరో ఆపాల చదువు ఆ నాలుగు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. వారికి తెలివి లేక కాదు, తండ్రులకు ప్రేమ లేక కాదు. వెళ్ళే సాధనం లేదు.

ఈ దూరాన్ని తగ్గిస్తే ఏమి జరుగుతుందో తరువాతి కాలం చూపించింది. 1990ల తొలి సంవత్సరాలలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరోద్యమం నడిచినప్పుడు, నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు స్త్రీలకు సైకిలు నేర్పడాన్ని కూడా కార్యక్రమంలో చేర్చారు. వేలాది గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. మొదట వెక్కిరింపులు ఎదురైనా వారు మానలేదు. బస్సు కోసం గంటలు కాచుకునే బాధ తప్పింది, సరుకు అమ్ముకుని పిల్లలు బడి నుండి వచ్చే వేళకు ఇల్లు చేరగలిగారు. పత్రికా రచయిత పాలగుమ్మి సాయినాథ్ ఆ జిల్లా తిరిగి వ్రాసిన వ్యాసంలో సైకిలు నేర్చిన ముస్లిం యువతుల మాటలు కూడా ఉన్నాయి.

2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్ళు ఇవ్వడం ప్రారంభించింది. ఆర్థికశాస్త్ర పండితులు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ దాని ఫలితాన్ని కొలిచారు. ఆ వయసు బాలికలు హైస్కూలులో చేరడం సుమారు 30 శాతం పెరిగిందనీ, బాలబాలికల మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ వారు తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ ప్రయోజనం కనబడింది. ఆంధ్రప్రదేశ్‌లో "బడికొస్తా" పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. అలా వచ్చిన సైకిలును తమ్ముడికి అప్పగించి, అమ్మాయిని బడి మాన్పించిన ఇళ్ళు కూడా ఉన్నాయంటే బాధ కలుగుతుంది.

పర్దా మాట ఏమిటని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దైవప్రవక్త (స) ఖురైషు స్త్రీలను ప్రస్తావిస్తూ, ఒంటెలెక్కే స్త్రీలలో వారు ఉత్తములని మెచ్చుకున్న హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ మెచ్చుకోలు పిల్లల మీద వారి వాత్సల్యానికి సంబంధించినది. అయినప్పటికీ, స్త్రీ సవారీ చేయడం ఆ సమాజంలో వింత కాదని ఆ మాటలోనే తెలుస్తున్నది. మర్యాదకు తగిన దుస్తులు, క్షేమమైన దారి, తోడుగా ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు, ఇవి చూసుకోవలసిన బాధ్యత పెద్దలది. కిక్కిరిసిన ఆటోలో పరాయివారి మధ్య ఇరుక్కుని పోవడం కన్నా తన సైకిలు మీద తాను పోవడంలో ఆడపిల్లకు గౌరవం తక్కువ కాదు. చైనుకు పూర్తి కవరు, వెనుక చక్రానికి వల ఉన్న సైకిలు తీసుకుంటే దుపట్టా గాని, బురఖా అంచు గాని చిక్కుకోదు.

పంక్చర్ దుకాణం

మన రాష్ట్రాల్లో అనేక పట్టణాలలో సైకిలు దుకాణం అంటే ముస్లిం దుకాణమే. దీనికి కారణాలు వెదకడం కష్టం కాదు. పొలం లేదు, పెట్టుబడి లేదు, ఉద్యోగానికి తగిన చదువు లేదు. ఒక గాలిపంపు, ఒక నీళ్ళ తొట్టి, నాలుగు పానాలు, రోడ్డు పక్క ఆరడుగుల చోటు ఉంటే సంసారం నడుస్తుంది. చదువు మానిన కుర్రవాడు షాగిర్దుగా చేరి, రెండు మూడేళ్ళు ఉస్తాద్ చేతి కింద పనిచేసి, పుల్లల బిగువు సరిచేసి చక్రం వంకర తీయడం నేర్చుకుంటే పనివాడైనట్లే.

ఆ పనిని దగ్గరగా చూసినవారికి దాని నైపుణ్యం తెలుస్తుంది. ట్యూబును బయటికి తీసి, గాలి నింపి, నీళ్ళ తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి. అక్కడ గుర్తు పెట్టి, తడి ఆర్చి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ పూసి, తొందరపడక అది ఆరే దాకా ఆగి, అప్పుడు రబ్బరు ముక్క అతికించాలి. తడిగా ఉండగానే అతికించినవాడి పని నాలుగు రోజులు నిలవదు. తరువాత టైరు లోపల వ్రేళ్ళతో తడిమి ముల్లు ఇంకా ఉన్నదేమో చూడాలి. ముల్లు తీయకుండా ట్యూబు అతికించేవాడికి గిరాకీ మళ్ళీ వస్తుంది, బరకత్ మాత్రం రాదు. మా చాచా ముల్లును తీసి గిరాకీ అరచేతిలో పెట్టి చూపించేవారు, తరువాతే డబ్బు పుచ్చుకునేవారు.

ఈనాడు కొందరు "పంక్చర్ వేసుకునేవాళ్ళు" అన్న మాటను మన సమాజం మీద తిట్టుగా విసురుతున్నారు. మన పిల్లలు అది విని తలదించుకోవడం మేము చూశాము. వారికి రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఆ పనిలో అవమానం లేదు. అల్లాహ్ ప్రవక్త దావూద్ (అ) రాజై ఉండి కూడా కవచాలు తయారు చేసి తన చేతి కష్టంతో జీవించారు. ఎండలో ఆగిపోయిన బాటసారిని తిరిగి దారిన పెట్టే చేయి హలాల్ సంపాదించే చేయి. రెండు, ఆ పని తప్ప మరో దారి లేకపోవడం మాత్రం న్యాయం కాదు. పంక్చర్ దుకాణం నడిపే తండ్రి కొడుకు ఇంజనీరు కావచ్చు, కూతురు డాక్టరు కావచ్చు. తండ్రి వృత్తిని దాచిపెట్టనవసరం లేదు, అక్కడే ఆగిపోనవసరమూ లేదు. మా దగ్గర చదువుకున్న పిల్లలలో అలాంటి ఇళ్ళ నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. సాయంత్రం గాలిపంపు కొట్టి, రాత్రి పుస్తకం పట్టి పైకి వచ్చిన ఆ పిల్లలను చూసి మేము గర్విస్తాము.

మారిన వీధి

అద్దె సైకిలు దుకాణాలు ఇప్పుడు దాదాపు కనబడవు. వాయిదాల మీద మోటారు సైకిళ్ళు వచ్చాయి, పిల్లల సైకిళ్ళు ఇంటింటికీ వచ్చాయి, అద్దెకు తీసుకునేవారు తగ్గిపోయారు. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. రెండేళ్ళ తరువాత, 2020లో సరిగ్గా అదే రోజున అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆగిపోయింది. వందలాది కార్మికుల ఇళ్ళలో పొయ్యి ఆరే స్థితి వచ్చింది.

వీధి కూడా మునుపటి వీధి కాదు. మేము పడి లేచిన మైదానాలు ఇళ్ళ స్థలాలైనాయి. ఆటోలు, కార్లు, నీళ్ళ ట్యాంకర్ల నడుమ పిల్లవాడిని సైకిలుతో వదలాలంటే తల్లికి భయం. ఆ భయం న్యాయమైనదే. కాని విచిత్రమేమిటంటే, ఏడేళ్ళ వాడికి సైకిలు ప్రమాదమని మానిపించిన తండ్రే పద్నాలుగేళ్ళకు మోటారు సైకిలు తాళం చేతికిస్తున్నాడు. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, చిన్నప్పుడు సైకిలు మీద పడి వేగం అంటే ఏమిటో ఒంటికి తెలుసుకున్నవాడు పెద్ద బండి మీద ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. పడడం ఎరుగని పిల్లవాడి చేతిలో ఇంజను పెట్టడం ప్రేమ అనిపించుకోదు.

ఈ సెలవుల్లో చేయదగిన పని

వేసవి సెలవులు రాబోతున్నాయి. ఇంట్లో పిల్లలకు, బాలురకు బాలికలకు సమానంగా, సైకిలు నేర్పండి. పెద్దగా ఖర్చయ్యే పని కాదు. మా అనుభవంలో పనికివచ్చిన నాలుగు మాటలు చెబుతాము.

సైకిలు పిల్లల ఎత్తుకు తగినదై ఉండాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. "ఎదుగుతాడు కదా" అని పెద్దది కొనడం చొక్కాకు సరే, సైకిలుకు కాదు. మా కైంచీ పేదరికం వల్ల వచ్చింది. ఈనాటి పిల్లలకు ఆ శిక్ష అవసరం లేదు.

పక్కన అదనపు చిన్న చక్రాలు తగిలిస్తే తొక్కడం వస్తుంది గాని నిలదొక్కుకోవడం రాదు. వాటికి బదులు, సీటు దించి, పెడళ్ళు రెండూ విప్పించి, కాళ్ళతో నెట్టుకుంటూ జారమనండి. కొద్ది రోజులలో పాదాలు ఎత్తి జారడం వస్తుంది. అప్పుడు పెడళ్ళు బిగించండి. ఎడమ పెడల్ మరను సవ్యదిశలో తిప్పి విప్పాలి, కుడిది అపసవ్యదిశలో. దుకాణంలో ఇచ్చినా రెండు నిమిషాల పని.

ఫజ్ర్ నమాజు తరువాత వీధులు ఖాళీగా ఉంటాయి. బడి ఆవరణ గాని, ఈద్గాహ్ మైదానం గాని దొరికితే ఇంకా మంచిది. తలకు హెల్మెట్ పెట్టండి. రెండు బ్రేకులూ పనిచేస్తున్నాయో లేదో ప్రతిసారీ నొక్కి చూడడం, సవారీ దుఆ చదువుకోవడం, ఈ రెండూ కలిపి అలవాటు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, వెనుక మీరే పరుగెత్తండి. మనిషిని పెట్టకండి, ఫోనులో చిత్రం తీస్తూ నిలబడకండి. సీటు వెనుక పట్టుకోండి, హ్యాండిల్ పట్టుకోకండి. హ్యాండిల్ పట్టుకుంటే పిల్లల చేతులకు నేర్చుకునే అవకాశం ఉండదు. బండి కుదురుగా పోతున్నదని తెలిసినప్పుడు చేయి వదలి, అయినా వెనుకే పరుగెత్తండి. ఈ చివరి మెళకువ సైకిలుకే కాదు, పదహారేళ్ళు దాటిన కొడుకు విషయంలోనూ, పై చదువుకు పోయే కూతురి విషయంలోనూ పనికివస్తుంది.

ఇంట్లో మూల పడిన పాత సైకిలు ఉంటే దానిని పాత ఇనుము వాడికి వేయకండి. వీధి చివరి దుకాణంలో ఓవర్‌హాలింగ్ చేయించి, దూరపు బడికి నడిచిపోయే ఒక పేద బాలికకు ఇవ్వండి. ఆమె బడికి వెళ్ళిన ప్రతి రోజూ మీ ఖాతాలో సదఖాగా వ్రాయబడుతుందని ఆశిద్దాము. అల్లాహ్ మన పిల్లల దారులను క్షేమకరం చేయుగాక! ఆమీన్.